పాడె మీద నవ్విన మనిషి

నేను చెత్త సినిమాలు చూస్తాను. ఊరికే చూసి ఊరుకోను, వాటి గురించి రాస్తాను కూడా. అట్ట కిరీటాలు, గుడ్డ పాములు, నడుముకు కట్టిన తాడు కనపడుతుండగానే గాల్లో ఎగిరే మాంత్రికులు, ఒకే గుహను అటు తిప్పీ ఇటు తిప్పీ పాతాళమంతా చూపించే దర్శకులు, వీళ్ళంతా నాకు చుట్టాలే. ఎప్పుడో విడుదలై, ఎక్కడా ఆడక, తీసినవాళ్ళే మర్చిపోయిన సినిమాలను ఎవరో ఒకరు పాత క్యాసెట్ల నుంచి తీసి నెట్‌లో పెడుతుంటారు. వాటిని మొదటి నుంచి చివరిదాకా ఓపిగ్గా చూసి, ఫోన్లో మాలాంటి పనిలేనివాళ్ళ గుంపు ఒకటుంటే అందులో నాలుగు పేరాలు రాసి పెడతాను. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. మార్కులు వెయ్యకపోతే చెయ్యి ఊరుకోదు.

నా రాతల్లో ఒక వింత ఉందని గుంపులోవాళ్ళు కనిపెట్టారు. హీరో గురించి ఒక ముక్కతో సరిపెడతానట, రాక్షసుడికి ఇంకాస్త ఎక్కువ చోటిస్తానట, శవాల గురించి మాత్రం పేరాలు పేరాలు రాస్తానట. ‘యుద్ధంలో చచ్చిన సైనికుడు మూలన కూర్చుని బీడీ ఆర్పుతున్నాడు.’ ‘రాజుగారి శవం ఈగను తోలుకుంది.’ ఇలాంటివి. దాంతో నాకు శవాల టీచరమ్మ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ అని ఊరుకున్నాను. ఎందుకు చూస్తానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మా నాయనకు ఫోటో లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆయన పోయేనాటికి నేను ఇంకా బళ్ళో చేరలేదు. ముఖం ఎలా ఉండేదో నాకు గుర్తు లేదు. ఆయన ముఖం పట్టిన కెమెరా ఈ లోకంలో ఒకే ఒకటి, అది ఒక రాక్షసుడి సినిమా కెమెరా. ఆ సినిమా పేరేమిటో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. పేరు తెలియని సినిమాను వెతకాలంటే అన్నీ చూడటం తప్ప దారేముంది? అందుకే ఇన్నేళ్ళుగా చూస్తూ వచ్చాను.

పోయిన వారం ఒక పిల్లవాడు, పాత సినిమాలను వెక్కిరిస్తూ వీడియోలు చేసే పిల్లవాడు, చిన్న ముక్క ఒకటి పెట్టాడు. నలుపు తెలుపు బొమ్మ. ఎవరో రాణి పాట పాడుతూ ఏడుస్తోంది. ఉన్నట్టుండి పాడె మీద శవం లేచి కూర్చుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. మళ్ళీ రాణి ఏడుపు. అంతే. కింద పిల్లవాడి మాటలు: ‘ఈ శవం ఎందుకు నవ్వింది? కెమెరా వైపు చూడకుండా ఎవర్ని చూసి నవ్వింది? చెప్పినవాళ్ళకు బిర్యానీ.’ జనం పడీ పడీ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. ఆ మనిషి అంత బాగా నవ్వాడు మరి. నవ్వుతూనే ఇంకోసారి చూశాను. చూస్తుంటే నా చెయ్యి దానంతటదే పైపెదవి మీదికి పోయింది. ముక్కులోకి ఒక జిగురు వాసన వచ్చింది. ఫోన్ పక్కన పెట్టేశాను.

మాది బేతంచెర్ల పక్కన బండల ఊరు. గునపం దింపితే నాపరాయి తగులుతుంది. ఇంటి కప్పు బండ, గోడ బండ, అరుగు బండ, గొడ్ల దొడ్డికి కంచె కూడా బండలే. పలక లేని పిల్లలం బండ మీదే బొగ్గుతో రాసుకునేవాళ్ళం. ఊరి చివర పాలిష్ ఫ్యాక్టరీ నుంచి తెల్లటి నీళ్ళు కాలువ కట్టేవి. అవి పాలని చెప్పి పక్కింటి పిల్లతో ఒకసారి తాగించాను. అవ్వ నన్ను చింతబరికెతో ఊరంతా తరిమింది.

నాయన గనిలో బండలు పెరికేవాడు. పొద్దు గుంకే వేళకు ఇల్లు చేరేసరికి కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. ‘ముసలోడు వచ్చినాడు, నీళ్ళు పెట్టు పాపా’ అని అమ్మ ఎగతాళి చేసేది. ఆయన టవల్ దులిపితే వాకిలంతా దుమ్ము. ఆ దుమ్ము, చెమట, బీడీ కలిసిన వాసన ఇప్పటికీ నా దగ్గరుంది. జొన్నరొట్టెలోకి పుండికూర, మీద పచ్చి ఉల్లిగడ్డ ఆయనకు ఇష్టమని తెలుసు. ఎడమకాలి బొటనవేలికి గోరు లేదని తెలుసు, బండ పడి ఊడిపోయింది. మా నీళ్ళ గుణమో ఏమో, పళ్ళు గారపట్టి ఉండేవని, అందుకే ఎప్పుడు నవ్వినా టవల్ నోటికి అడ్డం పెట్టుకునేవాడని తెలుసు. ఇన్ని తెలుసు, ముఖం తెలియదు. ఆలోచిస్తే పిచ్చెక్కుతుంది.

ఆ ఎండాకాలం మా ఊరికి సినిమా కంపెనీ వచ్చింది. వదిలేసిన పాత గని ఒకటుంది మాకు. బండలు వరసలుగా పెరికి పెరికి, చుట్టూ మెట్లు మెట్లుగా, అడుగున పచ్చటి నీళ్ళతో ఉండేది. కంపెనీవాళ్ళకు పైసా ఖర్చు లేకుండా పాతాళలోకం దొరికింది. గని పనివాళ్ళందరినీ సైన్యంలో పెట్టుకున్నారు. పొద్దున మంచిరాజు సైన్యం, అన్నాలు తిన్నాక రాక్షసుడి సైన్యం, టోపీ ఒక్కటే తేడా. పొద్దున తమను తామే చంపుకుని మధ్యాహ్నం పగ తీర్చుకునేవాళ్ళు.

రాక్షసుడి వేషం వేసినాయన కొండంత మనిషి, గొంతు మాత్రం మెత్తన. కొమ్ములు తీసి ఒళ్ళో పెట్టుకుని మా అరుగు మీద కూర్చునేవాడు. అమ్మ రొట్టెలు కొట్టి ఎర్రకారం వేసి పెడితే, కళ్ళమ్మటి నీళ్ళు కారుతున్నా వదిలేవాడు కాదు.

"ఏమప్పా రాక్షసుడా, ఇంగో రొట్టె ఎయ్యమంటావా?" అనేది అవ్వ.

"వెయ్యవ్వా. లోకాలు మింగుతానని పొద్దున్నించీ అరుస్తున్నా, అక్కడ పెట్టేది రెండు ఇడ్లీలు."

నా చూపు మాత్రం మేకప్ ఆయన పెట్టె మీద. రేకు ట్రంకు పెట్టెలో తాడుకు వేలాడదీసిన మీసాలు, గడ్డాలు, సీసాలో పచ్చగా జిగురు. మూత తీస్తే ముక్కు పుటాలు మండేవి, అయినా ఆ వాసన నాకు ఇష్టం. పెట్టె దగ్గరికి పోతే ఆయన ‘చెయ్యి పెట్టావంటే నీకు గడ్డం మొలుస్తుంది’ అని బెదిరించేవాడు. మొలిస్తే బాగుండునని నా ఆశ.

కథలో ముసలిరాజు చచ్చిపోవాలి. ఆయన్ని పాడె మీద మోసుకుపోవాలి. రాజు వేషంలో ఉన్న పెద్దాయన మంచం మీద చావడానికి ఒప్పుకున్నాడు గానీ పాడె ఎక్కనంటే ఎక్కనన్నాడు. గ్రహాలు బాగాలేవట. ఎలాగూ ముఖం మీద గుడ్డ కప్పుతాం కదా, ఆ పొడుగు మనిషి ఇంకెవరైనా ఫరవాలేదని కంపెనీవాళ్ళు వెతికితే, సరిగ్గా ఆ పొడుగున్నది మా నాయన.

ఆ సాయంత్రం మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది.

"బతికినోణ్ణి పాడె ఎక్కిస్తారా? నేను సచ్చినాంక ఎక్కిచ్చుకోండి" అంది అవ్వ.

"రాజుకే వద్దంట, నాకేం కర్మమా" అన్నాడు నాయన.

అమ్మకు సినిమాలంటే ప్రాణం. పుట్టింట్లో ఉన్నప్పుడు డేరాకు వచ్చిన ఏ సినిమానూ వదల్లేదట. పొయ్యి ముందు నుంచి లేవకుండానే అంది: "ఏమయ్యా, దినామూ బండ కిందికి దూరి పండుకోని ఉలి కొడ్తావు. దానికంటే ఇది అన్యాయమా? రోంచేపు పండుకోని లేచేదానికి ఇంత రభస ఏంటికి?"

అప్పుడు మేకప్ ఆయన వచ్చి అవ్వ పక్కన కూర్చుని చెప్పాడు. "అవ్వా, మాలో ఒక పద్ధతుంది. శవం వేషం వేసినవాడు, ఎంత పెద్ద నటుడైనా సరే, ఆ షాటు కాగానే లేచి కెమెరా ముందు నవ్వాలి. ఆ నవ్వు రీలు మీద పడాలి. దాన్ని సినిమాలో పెట్టరు, కానీ పడాలి. చచ్చినట్టు తీసిన కెమెరాయే బతికున్నట్టూ తీస్తే ఇంక దోషం లేదు. దిష్టి తీసి కొబ్బరికాయ కొట్టేస్తాం."

"నా కండ్ల ముందర తీయాల" అంది అవ్వ చివరికి.

ఆయన వెళ్ళాక అమ్మ నాయనకు అన్నం పెడుతూ మెల్లగా చెప్పిన మాట నేను విన్నాను. "మన పెండ్లికే ఫోటో తీయలా. నగేటప్పుడు ముఖం మింద గుడ్డ ఉండదు గదా, నీ ముఖం పడ్తాది. ఆ ముక్క అడిగి తీసుకుందాము. ఇంట్లో పెట్టుకుంటా." నాయన టవల్ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అంటే నవ్వాడన్నమాట. మా అమ్మ ఆశపడిందల్లా అదే, మొగుడి బొమ్మ ఒకటి ఇంట్లో ఉండాలని. ఇది చెప్పకుండా మిగతాది చెప్తే ఆమెకు అన్యాయం చేసినదాన్నవుతాను.

మరుసటి రోజు అవ్వ నాయన మొలతాడుకు ఇనుప మొల, వేపరెమ్మ కట్టి పంపింది. పాడె నిజం వెదురుదే. నాయన ఎక్కి పడుకోగానే తెల్లగుడ్డ కప్పారు, పాదాలు మాత్రం బయట. గని పనివాళ్ళే నలుగురు ఎత్తుకున్నారు. రాణి వేషమావిడ ఏడుస్తుంటే, చూడటానికి వచ్చిన మా ఊరి ఆడవాళ్ళు నిజంగానే శోకాలు పెట్టారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. పాడె దించిన చోట బండ కాలిపోతోంది. నాయన పాదాలు ముడుచుకుంటున్నాయి.

"ఒరేయ్ శవం, కదలకు" అని దర్శకుడు అరిచాడు.

"ఎవర్నిరా శవమంటావు? నీ నోట్లో దుమ్ము పడ" అని అవ్వ మీదికి పోయింది. నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు.

షాటు అయిపోయింది. ఎండ వాలిపోతోందని దర్శకుడు కెమెరాను గని అడుగుకు దింపమన్నాడు. అవ్వ వెళ్ళి కెమెరా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నా కొడుకు నగిందాంక ఈడనుంచి లెయ్యను" అంది. ఆమెను చూసి విసుక్కుంటూ కెమెరాను పాడె వైపు తిప్పారు. నాయన లేచి కూర్చున్నాడు. నుదుటి మీద విబూది, చుట్టూ ఊరంతా, పక్కన టవల్ లేదు. ఎలా నవ్వుతాడు? చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"చెయ్యి తీసి నవ్వవయ్యా. ఇంకోసారి. ఇంకోసారి నవ్వు."

ఏడుపు ముఖం పెట్టాడు తప్ప నవ్వు రాలేదు. అమ్మ కూడా నవ్వడం ఆపేసింది. ఆ సమయంలో మేకప్ పెట్టె దగ్గర ఎవరూ లేరు. నేను రాక్షసుడి మీసం తీసి, సీసాలో జిగురంతా పూసుకుని, తలకిందులుగా అంటించుకున్నాను. అది నా చెవుల దాకా వచ్చింది. అందరూ అక్కడ ఏం చూస్తున్నారో నేనూ చూద్దామని వెళ్ళి కెమెరా కాలు పట్టుకుని నిలబడ్డాను. నాయన నన్ను చూశాడు.

అంత పెద్దగా ఆయన నవ్వడం ఊళ్ళో ఎవరూ వినలేదట. పళ్ళ సంగతి మర్చిపోయాడు. కెమెరా కిర్రుమంటోంది. అవ్వ లేచి మెటికలు విరిచింది. కొబ్బరికాయ కొట్టారు. ఆ పూట కంపెనీవాళ్ళు ఊరికంతా వేటమాంసం వండించారు. నా మీసం మాత్రం ఊడలేదు. మేకప్ ఆయన కిరసనాయిలు అద్ది లాగితే పైపెదవి తోలు కొంచెం దాంతోపాటే వచ్చేసింది. నేను ఊరు దద్దరిల్లేలా ఏడుస్తుంటే, నాయన ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. ఆ ఊపిరి నాకు గుర్తుంది. మచ్చ ఇప్పటికీ ఉంది.

అమ్మ ఆ ముక్క అడిగింది. కడిగి ప్రింటు వేశాక పంపిస్తామన్నారు. మర్నాడే వ్యాన్లు ఎక్కి వెళ్ళిపోయారు. మళ్ళీ వాళ్ళ ఊసు లేదు.

ఆ వానాకాలం గనిలో గట్టు జారి బండ మా నాయన మీద పడింది. ముఖం చూపించే తీరులో లేదని గుడ్డ కప్పే తెచ్చారు. సినిమాలో మోసిన నలుగురే మళ్ళీ మోశారు. నేను కెమెరా ఎక్కడుందా అని వెతికాను. గుడ్డ తీస్తే లేచి నవ్వుతాడని అందరికీ చెప్పాను. ఎవరూ తియ్యలేదు.

పదకొండో నాటికి ఊళ్ళో ఒక మాట పుట్టింది. స్టేషన్ దగ్గర టీ కొట్టులో కంపెనీ కుర్రాడొకడు షూటింగ్ నాడే నవ్వుతూ చెప్పాడట: ‘రీలు ఎప్పుడో అయిపోయింది. ముసలామె లేవడం లేదని ఉత్త కెమెరా తిప్పాం.’ నిజమో అబద్ధమో, చెప్పినవాడు ఎవరో, విన్నవాడు ఎవరో, ఇంక ఎవరినడగాలి? అవ్వ మాత్రం ఆ మాట పట్టుకుంది. నవ్వు రీలు మీద పడలేదు, అందుకే దోషం తీరలేదు, అందుకే కొడుకు పోయాడు. కెమెరావాళ్ళు కళ్ళెదుట లేరు. కళ్ళెదుట ఉన్నది మా అమ్మ.

"నువ్వే గదమ్మే ఎక్కిచ్చింది. రోంచేపు పండుకోని లెయ్యమంటివి. యాడ లేచినాడు?"

అన్నం ముందు ఈ మాట. నీళ్ళ దగ్గర ఈ మాట. అమ్మ ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. కూలికి పోయి బండలు మోసింది, నన్ను చదివించింది, అవ్వకు కూడు పెట్టింది. సినిమా అన్న మాట మళ్ళీ నోట పలకలేదు. సాయంత్రం డేరా మైకులో పాట మొదలైతే లేచి తలుపు మూసేది. బండల ఇల్లు, ఆ ఉక్కలో ఊపిరాడేది కాదు. అయినా తీసేది కాదు.

ఆశ్చర్యం ఏమిటంటే, నన్ను మొదట సినిమాకు తీసుకుపోయింది అవ్వే. డేరాకు రాక్షసుడి సినిమా వచ్చిందని తెలిస్తే చాలు, "పాప జడుసుకుంటాండాది, దర్గా కాడ తాయెత్తు కట్టించుకోని వస్తా" అని అమ్మకు చెప్పి నన్ను లాక్కుని బయల్దేరేది. కొంగులో ఉడకబెట్టిన చెనిక్కాయలు. వేరే ఊళ్ళ డేరాల్లో నేల టికెట్టుకు ఇసుక ఉంటుందట. మా ఊళ్ళో నేలంతా పనికిరాని బండలు పరిచారు. పగలంతా కాగిన బండ మొదటాటకు కూడా చల్లారేది కాదు. తెలిసినవాళ్ళు తడిపిన గోనెసంచి తెచ్చుకునేవాళ్ళు. నేనూ అవ్వా ఒకే సంచి మీద, తెరకు ముక్కు తగిలేంత దగ్గర కూర్చునేవాళ్ళం.

కత్తియుద్ధాలు వచ్చినా, దయ్యాలు వచ్చినా అవ్వకు పట్టేది కాదు. ఎవడైనా చస్తే మాత్రం ముందుకు వంగేది. "సూడు పాపా, వీడేనా? కాళ్ళు సూడు, బొటనేలు సూడు." మేం శవాల పాదాలు చూసేవాళ్ళం. గోరు ఉండేది. "వీడు కాదు" అని వెనక్కి జరిగి చెనిక్కాయ ఒలుచుకునేది. తిట్టినంతసేపూ తిట్టి, శపించినంతసేపూ శపించి, కొడుకు కోసం అదే తెర ముందు కూర్చునేది ఆమె. అవ్వ మీద నాకెంత కోపమున్నా, ఆ వంగిన వీపు గుర్తొస్తే కోపం నిలవదు.

ఒకనాడు ఇంటికొచ్చేసరికి అమ్మ దీపం దగ్గర కూర్చుని ఉంది. నా లంగాలో చెనిక్కాయ పొట్టు చూసింది. అవ్వ వైపు చూడకుండా, నన్నే అడిగింది.

"దర్గా కాడికి పోతాంటే దావలో పాడె ఏమన్నా పోతాండిందా పాపా?"

"లేదుమా" అన్నాను.

అవ్వ గోడకు తిరిగి పడుకుంది. అమ్మ దీపం తగ్గించింది. ఆ రాత్రికి ఆమెను ఎవరూ ఏమీ అనలేదు.

అవ్వ పోయేటప్పుడు కూడా ‘ఉత్త కెమెరా’ అంటూనే పోయింది. నాకు ఉద్యోగమొచ్చాక అమ్మను కర్నూలు తెచ్చుకున్నాను. చక్కెర జబ్బు ఆమె చూపు తినేసింది, ఇప్పుడు వెలుగు చీకటి మాత్రం తెలుస్తాయి. నేను గదిలో కూర్చుని ఫోన్లో చూసే సినిమాల కత్తుల చప్పుడు, రాక్షసుల వికటాట్టహాసాలు ఆమెకు వినిపిస్తూనే ఉంటాయి. ఏం చూస్తున్నావని ఎన్నడూ అడగలేదు. బయటికొచ్చాక మాత్రం "దర్గా కాడికి పోయొచ్చినావా?" అంటుంది. "పోయొచ్చినా" అంటాను. పాడె సంగతి అడిగే ఆ రెండో ప్రశ్న కోసం కాసేపు ఇద్దరం ఆగుతాం. ఆమె అడగదు, నేను చెప్పను. ఒక్కో సినిమా అయిపోతుంటే, ఇది కూడా కాదే, ఇంకెన్నాళ్ళు ఉంటుందీమె అని ఏడుపొచ్చేది. ఏడుస్తూనే ఇంకో చెత్త సినిమా పెట్టుకునేదాన్ని.

ఆ పిల్లవాడు సినిమా మొత్తం ఎక్కడుందో కూడా కింద పెట్టాడు. తెరిచాను. మొదట్లోనే గని కనపడింది. మెట్లు, అడుగున నీళ్ళు, మా ఊరి ఆకాశం. మా అరుగు మీద రొట్టెలు తిన్న రాక్షసుడు లోకాలు మింగుతానని అరుస్తున్నాడు. ముసలిరాజు మంచం మీద చచ్చాడు. పాడె లేచింది. తెల్లగుడ్డ, బయట పాదాలు. బొమ్మ ఆపి పెద్దది చేశాను. ఎడమ బొటనవేలికి గోరు లేదు.

ఆ తర్వాత రాణి పాట. పాటకు బొమ్మలు చాలక, పాడె ఉన్న ముక్క ఏది చేతికొస్తే అది అతికించారు కాబోలు, ఎవడో పుణ్యాత్ముడు దాన్నీ అతికించేశాడు. నవ్వాడు మా నాయన. నిజం చెప్పాలంటే నేను గుర్తుపట్టలేదు. ఇన్నేళ్ళు వెతికిన ముఖం ఎదురుగా వస్తే, ఎవరో కుర్రవాడు. నా కొడుకు కంటే చిన్నవాడు. ఆ కళ్ళూ ఆ ముక్కూ నాకు ఎవరివో. ఎంత ఘోరం ఇది, కన్నతండ్రిని చూసి ఎవరీయన అనుకోవడం. కానీ ఆయన కెమెరా వైపు చూడటం లేదు. కొంచెం పక్కకు, బాగా కిందికి, కెమెరా కాలు ఉండే చోటికి చూస్తున్నాడు. అక్కడ ఎవరున్నారో నాకు తెలుసు. పిల్లవాడి వీడియో కింద ‘నన్ను చూసి’ అని రాశాను. మళ్ళీ చెరిపేశాను. బిర్యానీకి అడ్రసు అడుగుతారు.

నిన్న పొద్దున అమ్మ వరండాలో ఎండకు కూర్చుని చేత్తో తడుముకుంటూ చెనిక్కాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చున్నాను.

"దర్గా కాడికి పోయొచ్చినానుమా" అన్నాను.

చేతులు ఆగిపోయాయి. ఎన్నేళ్ళ తర్వాతో ఆ రెండో మాట అడిగింది.

"పాడె పోతాండిందా?"

"పోతాండింది."

ఆమె మెల్లగా అడిగింది. "నగుతాండాడా?"

"నగుతాండాడు."

"చెయ్యి అడ్డం పెట్టుకున్న్యాడా?"

"లేదుమా. పండ్లన్నీ కనపడ్తాండాయి."

"యా పక్క చూస్తాండాడు?"

"పక్కకు. కిందికి."

ఆమె చెయ్యి నా ముఖం వెతుక్కుంటూ వచ్చి పైపెదవి మీద మచ్చ దగ్గర ఆగింది. "అయితే కెమెరాలో రీలు ఉండింది" అంది.

"ఉండిందిమా. అవ్వ పొరపాటు పడింది. నీ తప్పేం లేదు. ఎప్పుడూ లేదు." ఈ మాట చెప్పడానికే నేను ఇన్ని సినిమాలు చూశాను. ఇది వింటే ఆమె గుండె బరువు దిగిపోతుందనుకున్నాను.

అమ్మ ముఖంలో ఏదో కూలిపోయింది.

"రీలు ఉండి కూడా పోయినాడా?" అంది. "నగింది పడినాంక కూడా పోయినాడా? అయితే ఏంటికి పోయినాడే పాపా?"

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నేళ్ళూ ఆమె కూడా ఆ ఉత్త కెమెరానే పట్టుకుని బతికింది. రీలు ఉండుంటే బతికేవాడు, వాళ్ళు మోసం చేశారు గనక పోయాడు, తిట్టుకోవడానికి ఎవరో ఒకరున్నారు. కనీసం తనైనా ఉంది. నేను అది కూడా తీసేశాను. బండ జారింది, అంతే, దానికి కారణం లేదు. ఆమె భుజం పట్టుకుని నేనూ ఏడ్చాను.

కాసేపటికి ఫోన్ చేతికిమ్మంది. పాట పెట్టి ఒళ్ళో పెట్టాను. రాణి ఏడుస్తోంది. "వస్తాండాడా?" "వస్తాడుమా... ఇప్పుడు." ఆమె వేలు అద్దం మీద పడింది. పాట ఆగిపోయింది.

"ఏమైంది?"

"నీ వేలు తగిలి బొమ్మ నిలిచిపోయిందిమా."

"నగేటప్పుడా?"

"నగేటప్పుడే."

వేలు తియ్యలేదు. దాని కింద ఆయన పళ్ళు, విబూది, ఎండ, కెమెరా కాలు పట్టుకుని నేను నిలబడిన చోటికి వాలిన ఆ చూపు. అక్కడే ఎక్కడో వెనక, బొమ్మలో పడకుండా, మా అమ్మ కూడా కొంగు నోట్లో పెట్టుకుని నిలబడి ఉంటుంది, నిండు వయసులో, మొగుడి ఫోటో వస్తుందని ఎదురుచూస్తూ. నేను మెల్లగా ఆమె వేలు పట్టుకుని పక్కకు జరిపాను. పాట మళ్ళీ మొదలైంది, ఆయన వచ్చి వెళ్ళిపోయాడు.

"నగినాడా?"

"నగినాడుమా."

"ఇంగోసారి నగమను" అంది.